నాలుగు కోట్లతో తీరే అనుమానం ఏది? డీప్‌టెక్ స్టార్టప్‌లను సీడ్ ఇన్వెస్టర్లు తూచే తీరు

హైదరాబాద్ రాయదుర్గంలోని స్టార్టప్ కేంద్రం టీ-హబ్‌లో, కంపెనీలు ఇన్వెస్టర్ల ముందు తమ పని చూపించే డెమో డే జరిగితే ఒక తేడా ఇట్టే తెలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్ స్టార్టప్ వాళ్లు కస్టమర్లు ఎంతమంది, నెలనెలా ఎంత పెరుగుతున్నారు, ఒక్కో కస్టమర్‌ని తెచ్చుకోడానికి ఎంత ఖర్చవుతోంది అని గడగడా చెప్పుకుపోతారు. రాకెట్ ఇంజిన్లు, చిప్‌లు, కొత్త పదార్థాలు, వ్యాక్సిన్ల మీద పనిచేసే డీప్‌టెక్ వాళ్ల దగ్గర ఈ అంకెలేవీ ఉండవు. ఉండేదల్లా ఒక ల్యాబ్ ఫలితం, ఒకటి రెండు పేటెంట్ అప్లికేషన్లు, వెనకాల ఒక ప్రొఫెసర్ పేరు. ముందు వరసలో కూర్చున్న ఇన్వెస్టర్లలో చాలామందికి ఆ సైన్సు సగమే అర్థమవుతుంది. అయినా కొన్నాళ్లకు వాళ్లలోనే ఎవరో ఒకరు మూడు నాలుగు కోట్లకు చెక్కు రాస్తారు.

ఏం చూసి రాస్తారు? టీమ్ చూసి, మార్కెట్ చూసి అని బయటికి చెప్పే జవాబు అబద్ధం కాదు. కానీ అది కిరాణా యాప్‌కైనా, ఉపగ్రహానికైనా ఒకేలా సరిపోయే జవాబు. డీప్‌టెక్‌లో లోపల నడిచే లెక్క వేరు. ఈ దశలో కంపెనీకి అమ్మకాలుండవు, చాలాసార్లు అమ్మడానికి వస్తువే ఉండదు. ఉండేవి అనుమానాలు. ఇది ల్యాబ్ బయట పనిచేస్తుందా? పెద్ద సైజులో చేస్తే కూడా పనిచేస్తుందా? గిట్టుబాటు ధరకు చేయగలరా? కొనేవాళ్లు ఇప్పటి పద్ధతి మానుకుంటారా? ప్రభుత్వం అనుమతి ఇస్తుందా? సీడ్ డబ్బుతో, అంటే ఈ తొలి పెట్టుబడితో, ఇవన్నీ తీరవు. ఒకటి తీరుతుంది, మహా అయితే రెండు. ఆ ఒకటీ సరైనదేనా, అది తీరిపోతే ఇంకొకరు పదింతల డబ్బుతో ముందుకొస్తారా అన్నదే అసలు పరీక్ష. ఇన్వెస్టర్లు అడిగే మిగతా ప్రశ్నలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

చౌకగా చంపే ప్రశ్న ముందు

ఊహకు ఒక కంపెనీని తీసుకుందాం. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలోనో, కంది ఐఐటీలోనో పీహెచ్‌డీ చేసిన ఇద్దరు కలిసి మందుల తయారీలో వాడే సాల్వెంట్లను (ద్రావకాలను) వడకట్టే కొత్త మెంబ్రేన్, అంటే పలచటి వడపోత పొర, తయారుచేశారు. హైదరాబాద్ చుట్టుపక్కల జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం వైపు మందుల్లోని అసలు పదార్థం చేసే బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలకు లోటు లేదు. మందు తయారయ్యాక మిగిలిన సాల్వెంట్‌ని పారబోయకుండా మరిగించి, ఆవిరిని చల్లార్చి తిరిగి వాడుకుంటారు. ఈ డిస్టిలేషన్‌కి స్టీమ్ కావాలి, స్టీమ్‌కి బాయిలర్, బాయిలర్‌కి బొగ్గో గ్యాసో. మరిగించే పని లేకుండా ఒత్తిడి పెట్టి వడకడితే ఆ ఖర్చులో పెద్ద భాగం మిగులుతుంది. ఇలాంటి ప్రయత్నాలు ప్రపంచంలో ఇదివరకే ఉన్నాయి. వీళ్ల పాలిమర్ మాత్రం కొత్తది.

ఇన్వెస్టర్లకి ఇచ్చే పిచ్‌లో చూపించేది ఇదీ: అరచేతంత ముక్క, శుద్ధమైన సాల్వెంట్‌లో కొలత కోసం కలిపిన రంగు, రెండొందల గంటల టెస్టు, రంగులో 98 శాతం ఆగిపోయినట్టు గ్రాఫు. తర్వాత మార్కెట్ ఎన్ని వేల కోట్లో చెప్పే స్లయిడ్. అనుభవమున్న ఇన్వెస్టర్లు ఆ మార్కెట్ స్లయిడ్ దగ్గర ఎక్కువసేపు ఆగరు. గ్రాఫు దగ్గరే ఆగుతారు.

ఎందుకంటే ఫ్యాక్టరీలో శుద్ధమైన సాల్వెంట్ ఎక్కడా ఉండదు. ఉండేది మందు వేరుచేశాక మిగిలే ద్రవం, మదర్ లిక్కర్. అందులో మిగిలిపోయిన ముడిసరుకు, లవణాలు, రియాక్షన్‌లో పుట్టిన చెత్త, బ్యాచ్ బ్యాచ్‌కీ మారే రంగు అన్నీ ఉంటాయి. దాంట్లో పాలిమర్ ఉబ్బవచ్చు, రంధ్రాలు పూడుకుపోవచ్చు. ఇది మొదటి అనుమానం. అరచేతి ముక్క నుంచి మీటరు వెడల్పు షీటుకు వెళ్తే ఎక్కడో ఒక పిన్‌హోల్, సూదిమొనంత రంధ్రం, పడుతుంది, షీటు పెద్దదయ్యేకొద్దీ పడే అవకాశం పెరుగుతుంది. ఇది రెండోది. షీటును చుట్టి మాడ్యూల్‌గా అతికించే జిగురు కూడా అదే సాల్వెంట్‌లో కరగకుండా నిలవాలి. పేపర్లలో మెంబ్రేన్ గురించి పేజీలకు పేజీలు రాస్తారు, జిగురు గురించి ఒక్క వాక్యం ఉంటే గొప్ప. ఇది మూడోది. నాలుగోది అసలు ఇంజినీరింగే కాదు. ఆ ఫ్యాక్టరీ క్వాలిటీ విభాగం ఒప్పుకోవాలి. తిరిగి పట్టిన సాల్వెంట్ వాడొచ్చని అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ7 అనుమతిస్తుంది, కానీ రికవరీ పద్ధతి అదుపులో ఉందని, సాల్వెంట్ తగిన ప్రమాణాలకు సరిపోతోందని చూపించాలి. ఉన్న డిస్టిలేషన్ కాలమ్ మార్చి కొత్త పద్ధతి పెట్టాలంటే కాగితాల పని మొదలవుతుంది. స్టీమ్ బిల్లు తగ్గుతుందని ప్లాంట్ మేనేజర్ సంబరపడతారు, రేపు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్షన్‌లో సమాధానం చెప్పాల్సిన క్యూఏ (క్వాలిటీ విభాగం) హెడ్‌కి టెన్షన్ పట్టుకుంటుంది.

ఇప్పుడు ఫౌండర్లు నాలుగు కోట్లు అడుగుతూ, అందులో సగానికి పైగా పెద్ద షీట్లు చేసే కోటింగ్ మెషిన్‌కి రాసుకున్నారనుకుందాం. ల్యాబ్ నుంచి వచ్చినవాళ్లకి ఇది సహజమైన కోరిక. మెషిన్ కనిపిస్తుంది, వచ్చినవాళ్లకి చూపించొచ్చు, ఫొటో దిగొచ్చు. కానీ మదర్ లిక్కర్‌లో మెంబ్రేన్ మూడు నెలలు బతకకపోతే ఆ మెషిన్ తుక్కు కింద అమ్ముకోవాల్సిందే. ఒక ఫ్యాక్టరీలో పక్క లైన్ మీద చిన్న స్కిడ్ (ఒక ఫ్రేమ్ మీద బిగించిన ట్రయల్ యూనిట్) పెట్టి ఆరు నెలలు నడపడానికి డెబ్బై లక్షలు అవుతాయనుకుంటే, మొదటి అనుమానం తీర్చడం మెషిన్ కొనడం కంటే ఎంతో చౌక. క్యూఏ వాళ్లు ఒప్పుకుంటారా అన్నదానికి అసలు ఖర్చే లేదు, పదిమందికి ఫోన్ చేసి అడిగితే చాలు. కాబట్టి వరస తిరగబడాలి. తక్కువ ఖర్చుతో కంపెనీని చంపగలిగే ప్రశ్న ముందు రావాలి, ఖరీదైన ప్రశ్న తర్వాత.

ఫౌండర్ ఆ వరస తనంతట తాను చెప్పగలిగితే ఇన్వెస్టర్‌కి సగం నమ్మకం అక్కడే కుదురుతుంది. "టీమ్ బాగుంది" అనే మాటకి డీప్‌టెక్‌లో అర్థం చాలావరకు ఇదే. డిగ్రీలు, ర్యాంకులు దీని తర్వాతే.

కస్టమర్ ఆసక్తిని తూచేటప్పుడు కూడా ఇదే కొలత. మన దగ్గర ఎంవోయూలకు కరువు లేదు, ఏ సదస్సుకి వెళ్లినా నాలుగు సంతకాలు అవుతాయి. ఇన్వెస్టర్లు వాటిని మర్యాదగా పక్కన పెడతారు. ఒక ప్లాంట్ హెడ్ రెండు డ్రమ్ముల మదర్ లిక్కర్ ఇచ్చి, తన ఇంజినీర్‌ని వారానికి ఒక రోజు ఈ పని మీద పెట్టారా? ట్రయల్‌కి తన బడ్జెట్ నుంచి కొద్దో గొప్పో కట్టారా? కొన్ని లక్షలైనా సరే, జేబులోంచి తీసినవాడి మాటకి విలువ.

ల్యాబ్‌కి వెళ్లినప్పుడు

పెద్ద రౌండ్లలో (పెట్టుబడి విడతల్లో) టెక్నికల్ పరిశీలనకు కన్సల్టింగ్ సంస్థలను పెట్టి నెలల తరబడి చేయిస్తారు. సీడ్ చెక్కు అంత ఖర్చు మోయదు. జరిగేది సాధారణంగా రెండు పనులు. తెలిసిన నిపుణుడితో కొన్ని గంటలు మాట్లాడటం, ఒకసారి ల్యాబ్‌కి వెళ్లి చూడటం.

హైదరాబాద్‌కి ఇక్కడ ఒక వీలుంది. కంచన్‌బాగ్ చుట్టూ క్షిపణుల ల్యాబ్ డీఆర్‌డీఎల్, రక్షణ లోహాల ల్యాబ్ డీఎంఆర్‌ఎల్, ప్రత్యేక మిశ్రలోహాలు చేసే మిధాని, కొంచెం అవతల బాలాపూర్‌లో పౌడర్ మెటలర్జీ చూసే ఏఆర్‌సీఐ, ఉప్పల్ వైపు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉన్నాయి. మూడు దశాబ్దాలు ఒకే రకం సీల్ మీదో, ఒకే రకం మిశ్రలోహం మీదో పనిచేసి రిటైరైన మనుషులు ఈ ఊళ్లోనే ఉంటారు. వాళ్లు రహస్యాలు చెప్పరు, చెప్పకూడదు కూడా. కానీ "ఆ టెంపరేచర్‌లో వెల్డ్ దగ్గర ఏం చేస్తున్నారో అడగండి" అని ఒక్క మాట చాలు, అరగంట మీటింగ్ దారే మారిపోతుంది.

ల్యాబ్‌లో మెరిసే పరికరం కంటే లాగ్‌బుక్ ఎక్కువ చెబుతుంది. చేసిన ముక్కలు ఎన్ని, గ్రాఫులోకి ఎక్కినవి ఎన్ని? ముప్పై చేస్తే బాగా వచ్చిన నాలుగే స్లయిడ్‌లోకి వచ్చాయా? "బాగా వచ్చింది చూపించొద్దు, ఆ ట్రేలో ఎడమ నుంచి మూడోది తీసి ఇప్పుడే టెస్ట్ పెట్టండి" అని అడిగే ఇన్వెస్టర్లున్నారు. ఆ ముక్క ఫెయిలైతే డీల్ పోతుందనేం లేదు. ఫెయిలైనప్పుడు ఫౌండర్ కంగారు పడి సర్దిచెబుతున్నారా, లేక "వీటిలో మూడోవంతు ఇలాగే పోతున్నాయి, ఎండబెట్టేటప్పుడు తేమ వల్ల అని మా అనుమానం" అంటున్నారా అన్నది చూస్తారు. రెండో జవాబు చెప్పినవాళ్లకి తమ ప్రక్రియ తెలుసు. ముక్కలన్నీ బాగా వస్తున్నాయి అనేవాళ్లు ఇంకా తగినన్ని చేయలేదు, అంతే.

కొలిచింది ఎవరన్నది ఇంకో విషయం. సొంత ల్యాబ్‌లో సొంత పరికరంతో తీసిన అంకె కంటే ల్యాబ్‌ల నాణ్యత చూసే ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న బయటి ల్యాబ్ రిపోర్టు బరువైనది, దానికి అయ్యేది చాలా సందర్భాల్లో సీడ్ మొత్తంలో చిల్లర ఖర్చే. అది కూడా చేయించకుండా పిచ్‌కి రావడం ఎందుకో అర్థం కాని విషయం.

ఊరి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఒకే అనుమానం తీర్చడానికి ఊరిని బట్టి ఖర్చు మారుతుంది. బాలానగర్, చర్లపల్లి, కుషాయిగూడ పారిశ్రామిక వాడల్లో రక్షణ, అంతరిక్ష సంస్థలకు భాగాలు చేసి చేసి చేయి తిరిగిన మెషిన్ షాపులున్నాయి. ఇస్రోకి రాకెట్ ఇంజిన్ భాగాలు చేసే ఎంటార్ పుట్టింది బాలానగర్‌లోనే, 1970లో. టూల్ డిజైన్ నేర్పే సీఐటీడీ కూడా అక్కడే. 2023 మార్చిలో మొదలైన నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ వచ్చాక నమూనా చేసుకోడానికి సొంతంగా యంత్రాలు కొనాల్సిన అవసరం ఇంకా తగ్గింది. డ్రాయింగ్ ఇచ్చిన కొద్దిరోజులకే భాగం చేతికొచ్చి, తప్పుంటే మళ్లీ మార్చుకునే వీలున్నచోట సీడ్ డబ్బు నడిపించే పద్దెనిమిది నెలల్లో చేయగల ప్రయోగాల సంఖ్యే పెరుగుతుంది. పిచ్‌లో హైదరాబాద్ గురించి టాలెంట్, కాస్మోపాలిటన్ అని రాసుకునే బదులు ఈ సంగతి రాసుకోవచ్చు.

చట్టం లేని రోజుల్లో రాకెట్ మీద పెట్టిన డబ్బు

నిజమైన కంపెనీలో ఈ వరస ఎలా సాగుతుందో స్కైరూట్ ఏరోస్పేస్ చరిత్ర చూపిస్తుంది. ఇస్రోలో పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాక 2018లో హైదరాబాద్‌లో దీన్ని పెట్టారు. మింత్రా స్థాపకుల్లో ఒకరైన ముకేశ్ బన్సల్ తొలి పెట్టుబడి పెట్టారు, మొత్తం దాదాపు 15 లక్షల డాలర్లు. అప్పటికి దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ సొంతంగా రాకెట్ ప్రయోగించడానికి దారే లేదు. అనుమతులిచ్చే ఇన్‌స్పేస్ సంస్థను ప్రకటించింది 2020 జూన్‌లో. అంటే ఆ సీడ్ డబ్బు టెక్నాలజీ అనుమానంతో పాటు విధానం మారుతుందా అన్న అనుమానాన్ని కూడా మోసింది. ఇలాంటిది చాలా ఫండ్లు మోయవు. సొంత డబ్బు పెట్టే వ్యక్తికే ఆ వెసులుబాటు ఉంటుంది.

ఆ తర్వాతి మెట్లు చూడండి. 2020 ఆగస్టులో రామన్ ఇంజిన్ పరీక్ష, డిసెంబర్‌లో చిన్న ఘన ఇంధన దశ కలామ్-5 పరీక్ష. తర్వాత 2021లో 1.1 కోట్ల డాలర్ల రౌండ్, దానికి ముందు నిలబడింది పునరుత్పాదక విద్యుత్ సంస్థ గ్రీన్‌కో వ్యవస్థాపకులు. అదే ఏడాది నవంబర్‌లో క్రయోజెనిక్ ఇంజిన్ ధవన్-1 మండింది. 2022 సెప్టెంబర్‌లో సింగపూర్ సార్వభౌమ నిధి జీఐసీ ముందుండి 5.1 కోట్ల డాలర్ల రౌండ్, 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ప్రయోగం. అది 89.5 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లింది. కక్ష్యలోకి కాదు. కక్ష్యలోకి వెళ్లడం ఆ ప్రయోగం పని కూడా కాదు. తమ వ్యవస్థలు ఎగరగలవా అన్న అనుమానం తీర్చడమే దాని పని. ప్రతి డబ్బుల విడత ముందూ వెనకా ఒక అనుమానం తీరుతూ వచ్చింది, తీరిన కొద్దీ డబ్బు పెట్టేవాళ్ల స్థాయి మారుతూ వచ్చింది.

ఇదే ఊళ్లో ఉపగ్రహాలు చేసే ధ్రువ స్పేస్ 2012 నాటిది. దాని థైబోల్ట్ ఉపగ్రహాలు రెండు పీఎస్‌ఎల్‌వీ-సీ54 మీద ఎగిరింది 2022 నవంబర్ 26న. మధ్యలో పదేళ్లు. తలుపు తెరుచుకోడానికి ఎదురుచూడాల్సి వస్తే ఎంత కాలం పడుతుందో ఈ తేదీలే చెబుతాయి. ఫండ్ నడిపేవాళ్లకి దీంట్లో భయపెట్టే భాగం వేరే ఉంది. మన దేశంలో ఇలాంటి ఫండ్లు సెబీ దగ్గర ఏఐఎఫ్‌లుగా (ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధులుగా) నమోదవుతాయి, మామూలుగా ఎనిమిది నుంచి పదేళ్ల గడువుతో. పెట్టిన డబ్బు విలువలో మూడింట రెండొంతులు ఉన్నవాళ్లు ఒప్పుకుంటే రెండేళ్ల వరకు పొడిగించుకోవచ్చు. ఫండ్ మూడో ఏట ఒక కంపెనీలో డబ్బు పెడితే చేతిలో మిగిలేది ఐదు నుంచి ఏడేళ్లు. పదేళ్లు ఎదురుచూడాల్సిన కంపెనీ ఎంత మంచిదైనా ఆ గడియారంలో ఇమడదు.

ధర ఎక్కడి నుంచి వస్తుంది

అమ్మకాలు లేని కంపెనీకి పదహారు కోట్ల విలువ అని ఎలా కడతారు? నిజం చెప్పాలంటే కట్టరు, అది వెనక నుంచి తేలుతుంది. మన మెంబ్రేన్ కంపెనీనే చూడండి. జీతాలు, అద్దె నెలకి పది లక్షలు, పద్దెనిమిది నెలలకి కోటీ ఎనభై. స్కిడ్, ఫ్యాక్టరీ ట్రయల్స్ డెబ్బై లక్షలు. పరికరాలు యాభై. పేటెంట్లు, బయటి టెస్టులు ముప్పై. డీప్‌టెక్‌లో ఏ ప్రయోగమూ అనుకున్న రోజుకి పూర్తికాదు కాబట్టి ఆరు నెలల ఆలస్యానికి ఇంకో అరవై లక్షలు. కలిపితే మూడు కోట్ల తొంభై, గుండ్రంగా నాలుగు. తర్వాతి రౌండ్లకు ఫౌండర్ల చేతిలో తగినంత మిగలాలి కాబట్టి ఇప్పుడు ఇచ్చే వాటా ఇరవై శాతం దగ్గర ఆగాలి. నాలుగు కోట్లు ఇరవై శాతమైతే డబ్బు వచ్చాక విలువ ఇరవై, రాకముందు పదహారు. వాల్యుయేషన్ గురించి జరిగే పెద్ద పెద్ద వాదనల కింద చాలాసార్లు ఉండేది ఇంత చిన్న భాగాహారమే.

ఆరు నెలల ఆలస్యానికి డబ్బు పెట్టుకోని ప్లాన్ చూసి ఇన్వెస్టర్లు మెచ్చుకోరు, ఉలిక్కిపడతారు. అనుమానం సగం తీరాక డబ్బు అయిపోవడమే అన్నిటికంటే చెడ్డ స్థితి. పాత డబ్బు పోయింది, కొత్తవాళ్లకి చూపించడానికి ఏమీ లేదు.

ఇక అవతలి కొస. ఇరవై శాతం వాటా తర్వాతి రౌండ్లలో పలచబడి పది శాతమైందనుకుందాం. తొమ్మిదేళ్లకి కంపెనీ ఐదొందల కోట్లకి అమ్ముడుపోయింది. ఫండ్‌కి వచ్చేది యాభై కోట్లు, పెట్టినదానికి పన్నెండున్నర రెట్లు, ఏడాదికి సుమారు 32 శాతం చొప్పున. బ్రహ్మాండంగా ఉంది కదా. కానీ ఇలాంటి కంపెనీలు ఇరవైలో నాలుగేసి కోట్లు పెట్టిన ఫండ్ ఖర్చు ఎనభై కోట్లు. సగానికి పైగా మునిగిపోతాయని ముందే తెలుసు. అంత బాగా గెలిచిన కంపెనీ కూడా ఒంటరిగా ఆ ఎనభైని తిరిగి ఇవ్వలేదు. అందుకే "మీది మంచి వ్యాపారం, కానీ మా ఫండ్‌కి సరిపోదు" అనే మాట వస్తుంది. అది మర్యాద కోసం చెప్పే సాకని ఫౌండర్లు అనుకుంటారు. చాలాసార్లు అదే నిజం. హైదరాబాద్ బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలకు మాత్రమే పనికొచ్చే మెంబ్రేన్ ఫౌండర్ల కుటుంబాలకి గొప్ప వ్యాపారం, ఫండ్‌కి చాలదు. అలాంటి కంపెనీకి సరైన డబ్బు ఏదో ఫార్మా యజమాని దగ్గర ఉంటుంది, వెంచర్ ఫండ్ దగ్గర కాదు.

యజమానుల మాట వచ్చింది కనుక, ఈ ఊరి సొంత డబ్బు సంగతి. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటి పలికింది. పక్కనే ఇలాంటి ఆస్తి ఉన్నప్పుడు రాబడి ఎప్పుడో తెలియని మెంబ్రేన్ మీద కోటి రూపాయలు పెట్టమని ఒక ఏంజెల్‌ని, అంటే సొంత డబ్బు పెట్టే ఇన్వెస్టర్‌ని, ఒప్పించడం తేలికేం కాదు. ఏంజెల్ ట్యాక్స్ తలనొప్పి మాత్రం పోయింది. 2012లో వచ్చిన ఆ ఆదాయపు పన్ను సెక్షన్ ప్రకారం సరసమైన విలువకి మించి వచ్చిన పెట్టుబడిని కంపెనీ ఆదాయంగా లెక్కేసి పన్ను వేసేవారు. అమ్మకాలే లేని డీప్‌టెక్ కంపెనీకి సరసమైన విలువ ఏదో తేల్చడం ఎవరి తరం? 2024 జూలై బడ్జెట్‌లో దాన్ని ఎత్తేశారు.

ప్రభుత్వ గ్రాంట్లను ఇన్వెస్టర్లు రెండు కళ్లతో చూస్తారు. బయోటెక్ స్టార్టప్‌లకు సాయపడే కేంద్ర సంస్థ బైరాక్ బిగ్ గ్రాంట్ కింద యాభై లక్షల వరకు ఇస్తుంది, జీనోమ్ వ్యాలీలోని ఇంక్యుబేటర్ ఐకేపీ దాని భాగస్వామి. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో నమూనా దశకి ఇరవై లక్షల వరకు వస్తుంది. రక్షణ శాఖ ఆవిష్కరణల పథకం ఐడెక్స్ కోటిన్నర దాకా, ఆపైన పెద్ద విడతలు కూడా ఇస్తోంది. వాటా పోకుండా ఒక అనుమానం తీరిపోతే అందరికీ సంతోషమే. కానీ గ్రాంట్ తర్వాత గ్రాంట్ మీద ఐదేళ్లు బతికిన కంపెనీని చూస్తే వాళ్లకి వేరే ప్రశ్న పుడుతుంది. ఆ మైలురాళ్లు ఎవరు పెట్టారు, కమిటీనా, కస్టమరా? ఐదు కమిటీలకి నచ్చేలా రిపోర్టులు రాయడంలో ఆరితేరిన టీమ్ అమ్మకం దగ్గరికి వచ్చేసరికి తడబడటం తెలిసిన కథే. 2025 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ) పథకం ఈ బొమ్మని కొంత మారుస్తుంది. అది ఆలోచన నుంచి వాడకం దాకా మెట్లుగా లెక్కేసే టెక్నాలజీ సంసిద్ధత కొలమానంలో నాలుగో మెట్టు, ఆపైన ఉన్నవాటికి. కాబట్టి మూడో మెట్టు నుంచి నాలుగు దాటించే సీడ్ డబ్బుకి "తర్వాత ఎవరు పెడతారు" అన్న ప్రశ్నకి ఇప్పుడు ఒక జవాబు దొరికినట్టే.

డబ్బు ఒకేసారి ఇవ్వకుండా మైలురాయి దాటిన కొద్దీ విడతలుగా ఇస్తామనే ఒప్పందాలు కొందరు తెస్తారు. ఇన్వెస్టర్‌కి ఇది భద్రంగా కనిపిస్తుంది గానీ, డీప్‌టెక్‌లో చేటు చేస్తుంది. రెండో విడత కావాలంటే టెస్టు పాసవ్వాలి, కాబట్టి పాసయ్యే టెస్టునే ఎంచుకోవాలనిపిస్తుంది. కంపెనీని చంపగలిగే ప్రశ్నని వెనక్కి నెట్టడానికి అంతకంటే మంచి ప్రోత్సాహం ఇంకోటి ఉండదు.

పేటెంట్ ఎవరి పేరు మీద ఉంది

బాగా నడుస్తున్న డీల్ చివరి వారంలో చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ప్రభుత్వ ల్యాబ్‌లోనో ఐఐటీలోనో చేసిన ఆవిష్కరణ మామూలుగా సంస్థ పేరు మీద ఉంటుంది, కనిపెట్టినవాళ్ల పేరు మీద కాదు. కంపెనీకి కావాల్సింది ఆ సంస్థ నుంచి లైసెన్స్. అది ప్రత్యేక హక్కా, ఇంకొకరికీ ఇవ్వొచ్చా? ఫార్మాకి మాత్రమేనా, అన్ని రంగాలకా? సంస్థ పేటెంట్ ఫీజు కట్టడం మానేస్తే ఏమవుతుంది? "లైసెన్స్ ప్రాసెస్‌లో ఉంది సార్" అనే వాక్యం వినగానే ఇన్వెస్టర్ పెన్ను మూతపడుతుంది. ప్రాసెస్ అంటే ఆరు వారాలో, పద్నాలుగు నెలలో ఎవరూ చెప్పలేరు.

ఇంతకంటే బాధ కలిగించేది పబ్లికేషన్ తేదీ. విద్యార్థి థీసిస్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో పెట్టేశాడు, గైడ్ ఒక సదస్సులో పోస్టర్ వేశారు, ఆ తర్వాత మూడు నెలలకి ప్రొవిజనల్ అప్లికేషన్ (తొలి తాత్కాలిక పేటెంట్ దరఖాస్తు) వేశారు. ముందే బయటపెట్టినదానికి మామూలుగా పేటెంట్ రాదు. అమెరికాలో సొంత ప్రచురణ తర్వాత దరఖాస్తు వేసుకోడానికి ఏడాది వెసులుబాటు ఉంది. మన చట్టంలో ఆ వెసులుబాటు కొన్ని ప్రత్యేక సందర్భాలకే. యూరప్‌లో దాదాపు లేనట్టే. పోస్టర్ మీద ఉన్న ఒక్క గ్రాఫు యూరప్ పేటెంట్ మొత్తాన్ని కొట్టేయొచ్చు. అందుకే అనుభవమున్న ఇన్వెస్టర్లు పేటెంట్ చదివే ముందు తేదీలు చదువుతారు.

ప్రొఫెసర్ వాటా ఇంకో ముడి. సలహాదారుగా ఉంటూ ముప్పై శాతం పట్టుకుని, వారానికి రెండు గంటలు ఇచ్చే పెద్దాయన్ని నొప్పించకుండా ఆ అంకె తగ్గించడం శిష్యులకి చేతకాదు. మొహమాటం. ఆ పని ఇన్వెస్టర్ చేసిపెట్టాలని వాళ్లు లోలోపల కోరుకుంటారు, చాలాసార్లు జరిగేది కూడా అదే.

ఈ కాగితాలకి ఇంత పట్టింపు ఎందుకో, ఇలాంటి కంపెనీలు చివరికి ఎవరి చేతికి వెళ్లాయో చూస్తే తెలుస్తుంది. 1993లో హైదరాబాద్‌లో మొదలైన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలో తొలి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్-బి టీకా తెచ్చింది. అప్పట్లో దానికి కీలకమైన పెట్టుబడి దొరికింది ఇక్కడి బ్యాంకుల్లో కాదు, ఒమన్‌లో. 2009లో దాన్ని తీసుకుంది ఫ్రాన్స్ సంస్థ సనోఫీ. హైదరాబాద్‌లో పెద్ద ఇంజినీరింగ్ బృందంతో ఎదిగిన రెడ్‌పైన్ సిగ్నల్స్ వైర్‌లెస్ వ్యాపారాన్ని 2020లో అమెరికా కంపెనీ సిలికాన్ ల్యాబ్స్ 30.8 కోట్ల డాలర్లకి కొంది. బెంగళూరు రాడార్ చిప్ కంపెనీ స్టెరేడియన్‌ని 2022లో జపాన్‌కి చెందిన రెనెసాస్ తీసుకుంది. కొన్నవాళ్లందరూ బయటి దేశాలవాళ్లే. వాళ్ల న్యాయవాదులు ముందు అడిగేది అమెరికాలో, యూరప్‌లో మీకేం హక్కులున్నాయని.

ఆ హక్కులకి ఒక గడువుంది. మొదటి అప్లికేషన్ వేసిన పన్నెండు నెలల్లో పీసీటీ అనే పేటెంట్ ఒప్పందం కింద అంతర్జాతీయ దరఖాస్తు వేయాలి. మొదటి తేదీ నుంచి ముప్పై లేదా ముప్పై ఒక్క నెలలకి ఏ ఏ దేశాల్లో కావాలో తేల్చుకుని, ఒక్కో దేశానికి లక్షల్లో ఫీజులు కట్టాలి. ల్యాబ్‌లో ఉండగా ప్రొవిజనల్ వేసి, ఏడాది తర్వాత సీడ్ డబ్బు తీసుకున్న కంపెనీకి ఈ బిల్లు వచ్చేది సరిగ్గా పద్దెనిమిదో నెలలో, అంటే స్కిడ్ ట్రయల్ ఇంకా నడుస్తూ, తర్వాతి రౌండ్ ఇంకా కుదరక, బ్యాంకులో డబ్బు అడుగంటుతున్నప్పుడు. కాబట్టి ఫౌండర్లు పంపిన బడ్జెట్ ఎక్సెల్ షీటు తెరిచి, పద్దెనిమిదో నెల గడిలో పేటెంట్లకి డబ్బు రాసుందో లేదో చూసే ఇన్వెస్టర్లున్నారు.